కొవ్వు తొలగింపు చికిత్సలు: కాన్యులా నుంచి చలి పరికరం దాకా

నడుము, పొట్ట, తొడలు, గడ్డం కింద పేరుకున్న కొవ్వును అందం కోసం తీయించుకునే చికిత్సల్లో రెండు తరాలున్నాయి. చర్మానికి చిన్న గాటు పెట్టి గొట్టంతో కొవ్వును పీల్చేసే లైపోసక్షన్ పాతది. గాటు లేకుండా పైనుంచే చలితోనో వేడితోనో కొవ్వు కణాలను చంపేవి కొత్తవి. వాటిలో ఎక్కువ పేరొచ్చింది చలితో చేసే క్రయోలైపోలిసిస్‌కు.

ఈ చరిత్ర అపశకునంతోనే మొదలైంది. 1920ల్లో ఫ్రాన్స్‌లో షార్ల్ దుజారియే అనే సర్జన్ ఒక నర్తకి కాళ్లను నాజూకు చేయబోయి, క్యూరెట్ అనే గీకే పరికరంతో లోపలి కొవ్వును గీకారు. రక్తనాళం తెగింది, గాంగ్రీన్ సోకింది, చివరికి కాలే తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం సర్జన్లు ఆ జోలికి పోవడానికి జంకారు.

1970ల మధ్యలో రోమ్‌లో అర్పాడ్ ఫిషర్, జార్జియో ఫిషర్ అనే తండ్రీకొడుకులు బోలు గొట్టంతో కొవ్వును లాగే పద్ధతి తెచ్చారు. 1977లో పారిస్ సర్జన్ ఈవ్ జెరార్ ఇలూజ్ మొన మొద్దుగా ఉండే కాన్యులా (బోలు గొట్టం) వాడారు. పదును లేనందువల్ల నరాలకూ నాళాలకూ దెబ్బ తగ్గింది. అయినా రక్తం బాగానే పోయేది.

దానికి విరుగుడు కాలిఫోర్నియా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ దగ్గర దొరికింది. బాగా పలచన చేసిన లిడోకైన్, ఎపినెఫ్రిన్ కలిపిన సెలైన్‌ను కొవ్వు పొర బిగుసుకునేదాకా ఎక్కించి, ఆ తర్వాతే పీల్చాలన్నారాయన. ఎపినెఫ్రిన్ రక్తనాళాలను ముడుస్తుంది, లిడోకైన్ నొప్పి తెలియనివ్వదు. పూర్తి మత్తు లేకుండానే పని జరుగుతుంది. 1987లో ప్రచురితమైన ఈ ట్యూమెసెంట్ పద్ధతే ఈ రంగంలో అతిపెద్ద ముందడుగు. విచిత్రమేమిటంటే అది యంత్రం కాదు, మందు కలిపిన ఉప్పునీరు! తర్వాత వచ్చిన అల్ట్రాసౌండ్, లేజర్ పరికరాలు కొవ్వును ముందే వదులు చేసి సర్జన్ శ్రమ తగ్గించాయి గానీ, వేడి మితిమీరితే చర్మం కాలే ముప్పునూ తెచ్చాయి.

లైపోసక్షన్‌తో ప్రాణాపాయం లేకపోలేదు. 2000లో వెలువడిన ఒక అమెరికా సర్వే ప్రకారం దాదాపు 5,000 ఆపరేషన్లకు ఒక మరణం సంభవించింది. ఊపిరితిత్తుల నాళాల్లో గడ్డ అడ్డుపడటం వాటిలో ముఖ్య కారణం.

చలి చికిత్సకు మూలం పిల్లల పుల్ల ఐసులో ఉంది. దాన్ని చప్పరించిన పసివాళ్ల బుగ్గల్లో కొవ్వు వాచి గట్టిపడుతోందని 1970లో వైద్యులు రాశారు. చర్మం కంటే కొవ్వు కణాలే చలికి ముందుగా లొంగుతాయన్నమాట. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ దీన్ని పందులపై పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. నడుము పక్కల మడతలకు ఈ సూత్రంతో చేసిన పరికరాన్ని వాడవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2010లో అనుమతిచ్చింది. కప్పులాంటి భాగం మడతను లాగి పట్టుకుని చల్లబరుస్తుంది; చచ్చిన కణాలను శరీరం రెండు మూడు నెలల్లో తొలగించుకుంటుంది. ఒక విడతకు కొవ్వు పొర మందంలో సుమారు అయిదో వంతు తగ్గుతుంది. లైపోసక్షన్‌లో ఒక్క పూటలోనే లీటర్ల కొద్దీ తీయవచ్చు.

గాటు లేదు కదా అని ముప్పు లేదనుకోకూడదు. కొందరిలో కొవ్వు తగ్గకపోగా, చల్లబరచిన చోటే పెరిగి గట్టిపడుతుంది. తొలి కేసు 2014లో నమోదైంది. 20 వేల విడతలకు ఒకటి అని మొదట లెక్కగట్టారు. తర్వాతి అధ్యయనాల్లో అంతకంటే ఎక్కువే తేలింది. కెనడా సూపర్‌మోడల్ లిండా ఎవాంజెలిస్టా తనకు ఇలాగే జరిగిందని 2021లో వెల్లడించి దావా వేశారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఈ పెరుగుదలను సరిచేయడానికి వైద్యులు సాధారణంగా ఆశ్రయించేది పాత లైపోసక్షన్‌నే.

కాబట్టి చిన్న మడత ఉండి, నెలల తరబడి ఆగే ఓపిక ఉన్నవారికి చలి చికిత్స చాలు. ఎక్కువ కొవ్వు తీయాలంటే కాన్యులాకు సాటి ఇంకా రాలేదు. ఆరోగ్యం మాట వేరు. 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 15 మంది స్థూలకాయ మహిళల నుంచి సగటున 9 నుంచి 10 కిలోల కొవ్వు తీసి, 10-12 వారాల తర్వాత పరీక్షిస్తే వారి రక్తపోటు, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ పనితీరు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు.