జాకీ ఎక్కడ పెట్టాలి

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళు అక్కడి పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ముందు ఫొటో దిగకుండా రారు. ఆరో నిజాం ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. బండి తయారయ్యేసరికి ఆయన లేరు. వెనక సింహాసనం లాంటి సీటు ఉంటుంది కాబట్టి అందరి చూపూ అక్కడికే పోతుంది. నేను మాత్రం వంగి ముందు చక్రాల మధ్యకి చూస్తాను. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే ఇనుప ఇరుసు, దాని మీద కమాను పట్టీలు. జట్కాబండి కింద చూసినా ఇంచుమించు ఇదే కనిపించేది. ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ఖరీదైన కారులో కూడా ఇంజనూ సీట్లూ మాత్రమే రాజుగారివి, ఇరుసు మాత్రం జట్కావాడిదే.

ఆ ఇరుసుకి ఒక గుణం ఉంది. ఏదీ దాచదు. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రమూ వాలుతుంది, కింగ్ పిన్ అరిగితే స్టీరింగ్ చేతిలోనే కొడుతుంది. నడిపేవాడికి సుఖం లేదు గానీ, బండికి ఏమయిందో తెలియకపోవడమన్నదీ లేదు. పాత లగ్జరీ కార్లలో ముందు సస్పెన్షన్ అరుగుదలని పట్టుకోవడం ఎందుకంత కష్టమో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ఇరుసే గుర్తొస్తుంది. ఆ తర్వాత ఇంజనీర్లు పడ్డ శ్రమంతా చక్రం కష్టం సీటుదాకా రాకుండా చెయ్యడానికే. దాంతోపాటు అరుగుదల కబురూ రావడం మానేసింది.

1920లలో బెలూన్ టైర్లు, ముందు చక్రాలకి బ్రేకులు వచ్చాక ఇరుసు మొరాయించింది. ఒక చక్రం లేస్తే ఇరుసు వాలుతుంది. ఇరుసు వాలితే, గిర్రున తిరుగుతున్న రెండు చక్రాలూ వాలిన బొంగరంలా పక్కకి తిరగాలని చూస్తాయి. కొంత వేగంలో అది ఆగని వణుకవుతుంది. ఇంగ్లీషు వాళ్ళు దానికి ‘షిమ్మీ’ అని పేరు పెట్టారు, అప్పట్లో ఊపేస్తున్న ఒక డాన్సు పేరది.

దీని చిక్కు విప్పినవాళ్ళలో మారిస్ ఆలీ ముఖ్యుడు. రోల్స్ రాయిస్‌లో హెన్రీ రాయిస్ దగ్గర పనిచేసి, అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ కంపెనీ పెట్టిన ఫ్యాక్టరీకి వెళ్ళినవాడు. ఇంగ్లండు రోడ్ల మీద హాయిగా పోయిన బండి అమెరికా రోడ్ల మీద ఒళ్ళు హూనం చేస్తోందన్నది ఆయనకి పట్టుకున్న సమస్య. 1930లో కాడిలాక్‌కి మారాక, 1932లో ఒక వింత బండి కట్టించాడు. ఏడుగురు కూర్చునే పెద్ద కారు, దానికి ముందూ వెనకా జరపడానికి వీలైన బరువులు. ప్రయాణ సుఖాన్ని కొలిచే పరికరం అప్పటికి లేదు. కాబట్టి బరువులు జరపడం, స్ప్రింగులు మార్చడం, ఎక్కి కూర్చుని తిరగడం, ఎలా ఉందో ఒకరికొకరు చెప్పుకోవడం, ఇదే పరిశోధన. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. ఒక పెద్ద కంపెనీ ఇంజనీరింగ్ విభాగమంతా మనుషుల వెన్నుపూసని నమ్మి నడిచింది.

తేలిందేమిటంటే, ముందు స్ప్రింగులు వెనకవాటి కన్నా మెత్తగా ఉండాలి. గతుకు ముందు చక్రానికి ముందే తగులుతుంది. వెనక భాగం కాస్త ఆలస్యంగా లేచినా వేగంగా ఊగి ముందుదాన్ని అందుకుంటుంది, అప్పుడు బండి పడవలా ముందుకీ వెనక్కీ ఊగదు. కానీ ఇరుసు మీద ముందు స్ప్రింగులు మెత్తగా పెడితే షిమ్మీ చంపేస్తుంది. కాబట్టి ఇరుసే పోవాలి, ఏ చక్రం దారి దానిదే కావాలి. 1934 మోడళ్ళలో కాడిలాక్, బ్యూక్, ఓల్డ్స్‌మొబీల్ రెండేసి ఆర్ముల పద్ధతికి మారాయి. షెవర్లే, పాంటియాక్ మాత్రం ఆండ్రే డ్యుబొనే అనే ఫ్రెంచివాడి పద్ధతి తీసుకున్నాయి. ఆయన మద్యం వ్యాపారుల ఇంటి బిడ్డ, విమానాలూ రేసు కార్లూ నడిపినవాడు. ఐరోపాలో మెర్సిడెస్ 1933లోనే తన 380లో కాయిల్ స్ప్రింగులతో ఈ పని చేసింది. రోల్స్ రాయిస్ తన ఫాంటమ్ 3లో ముందు ఇరుసు తీసేసినప్పుడు వాడింది జనరల్ మోటార్స్ పద్ధతినే. తమ దగ్గర్నుంచి వెళ్ళినవాడి పనే అట్లాంటిక్ దాటి తిరిగొచ్చిందన్నమాట. ఫోర్డు కార్లకి 1949 మోడల్ దాకా అడ్డ ఇరుసే.

రెండో మార్పుని గురించి ఎవరూ పెద్దగా రాయరు గానీ, నా దృష్టిలో అదే అసలైనది. కీళ్ళ దగ్గర ఇనుము స్థానంలోకి రబ్బరు వచ్చింది. ఇనుప బుష్‌కి గ్రీజు కావాలి. అంబాసిడర్ రోజుల్లో గ్రీజు గన్ పట్టుకుని ఒక మనిషి క్రమం తప్పకుండా బండి కిందకి దూరేవాడు. గ్రీజు కొడుతూ కొడుతూ ఏది వదులైందో, ఏది చిరిగిందో చూసి చెప్పేవాడు. రబ్బరు బుష్‌కీ, సీలు చేసిన బాల్ జాయింట్‌కీ గ్రీజు అక్కర్లేదు. ఆ మనిషీ అక్కర్లేకుండా పోయాడు. పైగా ఇనుము తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతుంది, రబ్బరు బండి కదలకపోయినా వయసుతో పోతుంది. అందుకే, మీటరు మీద అరవై వేల కిలోమీటర్లే ఉన్నాయి కదా అని పాత లగ్జరీ కారు కొనేవాళ్ళని చూస్తే నాకు జాలి.

మా బావగారి దగ్గర ఒక మెర్సిడెస్ ఉంది, డబ్ల్యూ124. 1995లో పుణేలో టెల్కోతో కలిసి ఆ కంపెనీ మన దేశంలో మొదట తయారుచేసిన రకం. వారం విడిచి వారం వాళ్ళ అమ్మగారిని వెనక కూర్చోబెట్టుకుని విజయవాడ వెళ్ళొస్తుంటారు. మెల్లగా పోతూ స్పీడ్ బ్రేకర్ దిగితే ‘టక్’. ఎనభై దాటాక బ్రేకు వేస్తే స్టీరింగ్‌లో వణుకు. ఒక వర్క్‌షాపులో స్ట్రట్లు మార్చారు, చప్పుడు పోలేదు. డిస్కులు మార్చారు, వణుకు సగం తగ్గింది. జాకీ ఎత్తి చక్రం ఊపి చూసి, ‘ప్లే ఏమీ లేదు సార్, పాత బండి కదా, అమ్మేయండి’ అన్నారు.

వాళ్ళు అబద్ధమాడలేదు. ఊపితే నిజంగానే కదల్లేదు. జాకీ పెట్టిన చోట ఉంది కిటుకంతా. మన మెకానిక్కుల్లో ఒక తరం మారుతీ 800 మీద పని నేర్చుకుంది. అందులో స్ప్రింగు స్ట్రట్ చుట్టూ ఉంటుంది, కింది బాల్ జాయింట్ మీద బరువు పడదు. చాసీ కింద జాకీ పెట్టి చక్రం ఊపితే సరిపోతుంది. ఈ మెర్సిడెస్‌లో స్ట్రట్ ఉంది గానీ స్ప్రింగు విడిగా కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ముందు భాగం బరువు ఆర్మ్ మీదుగా, దాని చివరున్న బాల్ జాయింట్ మీదుగా చక్రానికి చేరుతుంది. చాసీ పట్టుకుని ఎత్తితే స్ప్రింగు ఆర్మ్‌ని కిందకి తన్నిపెట్టి ఉంచుతుంది. ఆ బిగువులో, అరిగిపోయిన జాయింట్ కూడా కొత్తదానిలా కదలకుండా నిలబడుతుంది.

చివరికి దాన్ని పట్టుకున్నది ప్రీమియర్ పద్మినీల కాలం నాటి ఒక ఉస్తాద్. పద్మినీలో కూడా స్ప్రింగు ఉండేది కింది ఆర్మ్ మీదే. ఆయన వచ్చీరాగానే, ‘ఆ జాకీ తియ్యండి ముందు’ అన్నారు. ఆర్మ్ కింద, జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టించి చక్రం నేల వదిలేదాకా ఎత్తించారు. ఇప్పుడు స్ప్రింగు భారం జాకీ మీద ఉంది, జాయింట్ ఖాళీ. టైరు కింద గడ్డపార పెట్టి పైకి తడితే కుడివైపు చక్రం టకటకలాడింది. బావగారిని బ్రేకు తొక్కమన్నారు. చక్రం బేరింగ్ వదులైతే బ్రేకు తొక్కగానే కదలిక ఆగుతుంది. ఆగలేదు. జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలి గ్రీజు ఎండి మట్టిలా ఉంది. అది హైవే మీద ఊడి ఉంటే చక్రం పక్కకి మడత పడేది. బావగారు ఏమీ మాట్లాడలేదు, వెనక సీటు వైపు ఒకసారి చూశారు.

మిగిలిన వణుకు కింది ఆర్మ్ లోపలి చివరనున్న రబ్బరు బుష్‌ది. అది చచ్చిపోతే బ్రేకు వేసినప్పుడు చక్రం మొత్తం కాస్త వెనక్కి జరుగుతుంది, డిస్కులో ఉన్న కొద్దిపాటి వంకర కూడా పదింతలై స్టీరింగ్‌కి చేరుతుంది. డిస్కు మారిస్తే సగమే తగ్గడం అందుకే. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉండటం కూడా అటే వేలు చూపించింది. అదే బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ తిరుగుతుంటే టై రాడ్ ఎండ్లూ, స్టీరింగ్ ఐడ్లర్ ఆర్మ్ బుష్షూ చూడాలి. దానికి చక్రాన్ని పైనా కిందా కాకుండా పక్కల పట్టుకుని ఊపాలి. ఇవన్నీ తేలకముందు అలైన్‌మెంట్ చేయించడం డబ్బులు పారెయ్యడమే. ఇంకో మాట: ఆ స్ప్రింగు తీసే పని ఇంట్లో పెట్టుకోకండి. సరైన కంప్రెసర్ లేకుండా వదిలితే ప్రాణం తీస్తుంది.

కొత్త బుష్షులు వేశాక ఉస్తాద్ బోల్టులు చేత్తో తిప్పి వదిలేశారు, బిగించలేదు. రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి, ఆర్మ్ వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే మెలిపడుతుంది, ఏడాది తిరక్కుండా చిరుగుతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక, బానెట్ మీద రెండు చేతులూ వేసి నాలుగైదు సార్లు గట్టిగా ఊపి, కిందకి దూరి అప్పుడు బిగించారు.