న్యూ ఇన్ నుంచి వింబుల్డన్‌కు

1884 డిసెంబరులో ఐర్లండ్‌లోని కాషెల్ ఆర్చ్‌బిషప్ థామస్ క్రోక్ ఒక ఉత్తరం రాశారు. అంతకు నెలన్నర ముందే, అదే టిప్పరరీ ప్రాంతంలోని థర్ల్స్ పట్టణంలో గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పుట్టింది. ఆ సంఘానికి పెద్దదిక్కుగా ఉండడానికి ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం అది. మన ఆటలన్నీ మరుగున పడిపోతున్నాయి, పరాయి ఆటల్నీ పరాయి వేషాల్నీ నెత్తిన పెట్టుకుంటున్నాం అన్నది ఆయన ఆవేదన. అలా వచ్చిపడిన ఆటల్ని వరసగా చెప్పుకుంటూ పోయారు. పోలో ఉంది, క్రోకే ఉంది, క్రికెట్ ఉంది. అన్నిటికన్నా ముందున్న పేరు లాన్ టెన్నిస్.

కాషెల్‌కు దక్షిణాన కొద్ది మైళ్ల దూరంలో న్యూ ఇన్ అనే చిన్న ఊరు ఉంది. ఊరి దగ్గర మార్ల్‌హిల్ అనే ఇల్లు. ఆ ఇంట్లోని ఎనిమిది మంది పిల్లల్లో ఏడో అమ్మాయికి అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆమె టెన్నిస్ నేర్చుకున్నది ఇంటి తోటలోని పచ్చిక మీదే, తోబుట్టువు ఆనీతో ఆడుతూ. ఆ పైన కాహిర్ ఊళ్లోని క్లబ్బులో ఆడింది. ఆర్చ్‌బిషప్ బాధపడిన ఆ పరాయి ఆటలో, ఆరేళ్లు తిరక్కుండానే, ప్రపంచంలోకెల్లా పెద్ద టోర్నీ గెలిచింది. పేరు లీనా రైస్. వింబుల్డన్ మహిళల సింగిల్స్ గెలిచిన ఐర్లండ్ స్త్రీ ఈ నాటికీ ఆమె ఒక్కతే.

ఐరిష్ టెన్నిస్‌కు చిరకాలం నిలిచే సేవ చేసినవారి పేర్లు రాయమంటే నేను ఆమె పేరుతోనే మొదలుపెడతాను. అయితే ఆమె వెనకాల ఒక చరిత్ర ఉంది. అది తెలియకపోతే ఆమె గెలుపు గాలిలోంచి ఊడిపడినట్టు ఉంటుంది.

డబ్లిన్‌లో ఫిట్జ్‌విలియమ్ లాన్ టెన్నిస్ క్లబ్ 1877లో మొదలైంది. వింబుల్డన్‌లో తొలి పోటీలు జరిగిందీ ఆ ఏడే. రెండేళ్లకు, 1879లో, ఫిట్జ్‌విలియమ్ వాళ్లు ఐరిష్ చాంపియన్‌షిప్స్ పెట్టారు. వాటిలో మహిళల సింగిల్స్ ఉంది, మిక్స్‌డ్ డబుల్స్ కూడా ఉంది. అప్పటిదాకా ఏ దేశంలోనూ ఇంతటి టోర్నీలో ఆడవాళ్లకు చోటు లేదు. వింబుల్డన్ మహిళల్ని రానిచ్చింది 1884లో. మిక్స్‌డ్ డబుల్స్‌ను చాంపియన్‌షిప్ పోటీగా చేర్చుకోవడానికి 1913 దాకా ఆగింది. దారి వేసింది డబ్లిన్. ఆ తొలి మహిళల టైటిల్ గెలిచిన మే లాంగ్రిష్ వయసు అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ పిల్ల పేరు ఐర్లండ్‌లో ప్రతి టెన్నిస్ క్లబ్బు గోడ మీదా ఉండాలని నాకనిపిస్తుంది.

ఆ ఏడు పురుషుల టైటిల్ గెలిచిన వియర్ సెయింట్ లెజర్ గూల్డ్ కథ వేరు. అదే ఏడు వింబుల్డన్ ఫైనల్ దాకా వెళ్లి జాన్ హార్ట్‌లీ అనే మతగురువు చేతిలో ఓడాడు. 1907లో మాంటే కార్లోలో జరిగిన హత్య కేసులో శిక్ష పడి, 1909లో డెవిల్స్ ఐలండ్ జైలు ద్వీపంలో చనిపోయాడు. చరిత్ర రాస్తే అతని పేరు రాయక తప్పదు. గౌరవించే జాబితాలో మాత్రం నేను చేర్చను. గెలిచిన కప్పు ఒక్కటే కొలత అయితే అతనికీ చోటివ్వాల్సి వచ్చేది.

లీనా దగ్గరికి వద్దాం. 1889 మేలో డబ్లిన్ వెళ్లి, విల్లబీ హామిల్టన్‌తో జోడీ కట్టి ఐరిష్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. ఆ వేసవిలోనే ఐరిష్ సముద్రం దాటి వింబుల్డన్‌కు వెళ్లింది. ఫైనల్లో ఎదురుగా ఉన్నది బ్లాంచ్ బింగ్లీ హిల్యార్డ్. అప్పటికే ఒకసారి చాంపియన్, తర్వాతి రోజుల్లో మరెన్నో టైటిళ్లు కొట్టబోయే ఆటగత్తె. లీనా మొదటి సెట్ 6-4తో తీసుకుంది. రెండో సెట్‌లో 5-3 ఆధిక్యంలో ఉండగా మూడు మ్యాచ్ పాయింట్లు చేతికొచ్చాయి. మూడూ జారిపోయాయి. ఆ సెట్ 8-6తో, చివరి సెట్ 6-4తో హిల్యార్డ్ పాలయ్యాయి.

అంత దగ్గరికొచ్చి ఓడిన మనిషి మరుసటి ఏడు మళ్లీ బయల్దేరింది. ఈసారి మహిళల సింగిల్స్‌కు పేర్లిచ్చింది నలుగురే. హిల్యార్డ్ రాలేదు. మరో మాజీ చాంపియన్ లాటీ డాడ్ కూడా రాలేదు. ఫైనల్లో మే జాక్స్‌ను 6-4, 6-1తో ఓడించి లీనా చాంపియన్ అయింది. గెలుపు పాయింట్‌ను నెత్తి మీదుగా ఒక్క స్మాష్‌తో ముగించిందనీ, ఆ దెబ్బను అలా వాడిన తొలి మహిళల్లో ఆమె ఒకరనీ చెబుతారు.

నలుగురే ఆడారన్న మాట పట్టుకుని ఈ టైటిల్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు అప్పటినుంచీ ఉన్నారు. నాకు ఆ మాట సరిగా తోచదు. అంతకు ముందు ఏడాది ఆ కాలపు మేటి ఆటగత్తెను మూడు మ్యాచ్ పాయింట్ల దాకా తెచ్చింది ఈమే కదా! రాని వాళ్ల లెక్క వచ్చినవాళ్ల ఖాతాలో ఎందుకు వేయాలి? టిప్పరరీ పల్లె నుంచి లండన్ దాకా పడవలు, రైళ్లు మారుతూ రెండేళ్లు వరసగా వెళ్లింది ఆమె. నేల ఊడ్చే గౌను, నడుము బిగించిన కార్సెట్టుతో గడ్డి మీద పరిగెత్తింది. అంతటి పట్టుదల ఉన్న మనిషికి దక్కిన ఫలం అది.

ఆ 1890 ఐర్లండ్‌కు మరపురాని ఏడాది. డబ్లిన్‌లో లీనాతో జోడీ కట్టిన హామిల్టన్ పురుషుల సింగిల్స్ ఫైనల్లో విలియమ్ రెన్‌షాను అయిదు సెట్లలో ఓడించాడు. రెన్‌షా అంటే అప్పటికి ఏడు వింబుల్డన్ టైటిళ్లున్నవాడు. కోర్టులో సన్నగా, పాలిపోయినట్టు కనిపించే హామిల్టన్‌ను ‘దెయ్యం’ అని పిలిచేవాళ్లు. డబుల్స్ జాషువా పిమ్, ఫ్రాంక్ స్టోకర్‌లు గెలిచారు. ఈ స్టోకర్ ఐర్లండ్ తరఫున రగ్బీ కూడా ఆడాడు, ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్‌కు బంధువు. మహిళల సింగిల్స్, పురుషుల సింగిల్స్, పురుషుల డబుల్స్, మూడూ ఒక్క ఏడే ఐరిష్ సముద్రం దాటి వెళ్లాయి.

పిమ్ వృత్తిరీత్యా డాక్టరు. 1893, 1894ల్లో సింగిల్స్ కూడా గెలిచాడు. 1902లో డేవిస్ కప్ కోసం అమెరికా వెళ్లినప్పుడు పేరు బయటపెట్టకుండా ‘మిస్టర్ ఎక్స్’గా వెళ్లాడు. 1896లో వింబుల్డన్ సింగిల్స్ హెరాల్డ్ మహోనీ గెలిచాడు. కెర్రీ ప్రాంతంలోని డ్రోమోర్ కోట ఆ కుటుంబానిది. 1905లో కెర్రీలోనే సైకిల్ ప్రమాదంలో పోయాడు. మహిళల్లో లూయిసా మార్టిన్ ఐరిష్ టైటిల్‌ను 9 సార్లు గెలిచింది. 1890లో డబ్లిన్ ఫైనల్లో లీనాను ఓడించింది కూడా ఆమే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచనలో పడేసే మనిషి మాత్రం జాన్ పయస్ బోలాండ్. డబ్లిన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ, 1896లో తొలి ఒలింపిక్స్ చూడ్డానికి ఏథెన్స్ వెళ్లాడు. నిర్వాహకుల్లో ఒకడైన గ్రీకు మిత్రుడు మానోస్ అతని పేరు టెన్నిస్‌కు ఇచ్చేశాడు. బోలాండ్ సింగిల్స్ గెలిచాడు, జర్మనీకి చెందిన ఫ్రిడ్రిక్ ట్రావ్న్‌తో కలిసి డబుల్సూ గెలిచాడు. నాలుగేళ్లకు, 1900లో, ఐర్లండ్ స్వపరిపాలన కోరే పార్టీ తరఫున సౌత్ కెర్రీ నుంచి పార్లమెంటుకు ఎన్నికై 1918 దాకా ఉన్నాడు. టెన్నిస్ ఆడితే పరాయివాడైపోతాడన్న భయానికి బోలాండ్ బతుకే జవాబు.

క్రోక్ బాధను నేను తేలిగ్గా తీసిపారేయను. 1879 అంటే డబ్లిన్‌లో టెన్నిస్ చాంపియన్‌షిప్స్ మొదలైన ఏడు మాత్రమే కాదు, కౌలురైతుల కోసం ల్యాండ్ లీగ్ పుట్టిన ఏడు కూడా. పంట పోయి, శిస్తు కట్టలేక, గుడిసెలు ఖాళీ చేస్తున్న జనానికి, పచ్చిక నున్నగా కోయించుకునే పెద్దిళ్ల ఆట ఎలా కనబడి ఉంటుందో ఊహించుకోవచ్చు. గేలిక్ సంఘం ఆ తర్వాత తన సభ్యులు రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్ ఆడకూడదని నిషేధం పెట్టి 1971 దాకా నడిపింది. ఆ జాబితాలో టెన్నిస్ లేదు. ఆర్చ్‌బిషప్ ముందుగా వేలెత్తి చూపిన ఆటే నిషేధం నుంచి బయటపడింది. అయినా పరాయి ఆట అన్న పాత పేరు దాన్ని అంత తేలిగ్గా వదల్లేదు.

జేమ్స్ సెసిల్ పార్క్ ఆ తరం చివరి పెద్ద పేరు. మొనహాన్ ప్రాంతంలోని క్లోన్స్‌లో పుట్టి, వకీలు పని చేస్తూ, ఐర్లండ్‌కు 20 రగ్బీ మ్యాచ్‌లు ఆడాడు. 1912లో బ్రిటిష్ ఐల్స్ జట్టుతో మెల్‌బోర్న్ వెళ్లి, ఆస్ట్రేలియా ఆటగాడు నార్మన్ బ్రూక్స్‌ను అతని సొంతగడ్డ మీదే ఓడించి డేవిస్ కప్ గెలవడంలో ముఖ్యుడయ్యాడు. ఆ ప్రయాణంలోనే ఆస్ట్రలేషియన్ టైటిల్ కూడా సొంతం చేసుకున్నాడు.

1922లో ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పడింది. మరుసటి ఏడు, అంతర్యుద్ధం ముగిసిన 1923లోనే, ఐర్లండ్ సొంత పేరుతో మొట్టమొదటిసారి డేవిస్ కప్ ఆడింది. డబ్లిన్‌లో వాళ్ల ఎదుట నిలబడిన జట్టు భారత్. ఇంగ్లండ్ చేతిలోంచి అప్పుడే బయటపడిన దేశం ఒకవైపు, ఇంకా ఇరవై నాలుగేళ్లు ఆగాల్సిన దేశం మరోవైపు. నెట్‌కు అటూ ఇటూ, పాలకుల ఆటనే పట్టుకుని. ఐర్లండ్ 3-2తో గెలిచింది. మన జట్టు ఓడిన మ్యాచ్ గురించి చదువుతూ సంతోషపడటం నాకు ఇదొక్కసారే జరిగింది.

1924లో పారిస్ ఒలింపిక్స్‌కు స్వతంత్ర ఐర్లండ్ తన జట్టును తొలిసారి పంపింది. ఆ దేశం తరఫున ఒలింపిక్స్‌లో అడుగుపెట్టిన మొదటి స్త్రీలు హిల్డా వాలిస్, ఫీబీ బ్లెయిర్-వైట్. ఇద్దరూ టెన్నిస్ ఆడేవాళ్లే. అయినా 1879లోనే మహిళలకు చాంపియన్‌షిప్ పెట్టిన ఫిట్జ్‌విలియమ్ క్లబ్, మహిళల్ని పూర్తి సభ్యులుగా చేర్చుకోవడానికి 1990ల దాకా సమయం తీసుకుంది. కోర్టు తెరిచిన చేతికి సభ్యత్వ పుస్తకం తెరవడానికి వందేళ్లకు పైగా పట్టిందన్నమాట. గౌరవం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచకూడదు.

తర్వాతి కథలో ఓటములే ఎక్కువ. కానీ వాటినీ కొందరు భుజాన మోశారు. 1983లో మాట్ డాయిల్, షాన్ సోరెన్సెన్‌ల జట్టు డబ్లిన్‌లో జరిగిన డేవిస్ కప్ పోటీలో మెకన్రో ఉన్న అమెరికాను ఢీకొంది. 2011లో లిమరిక్‌లో పెరిగిన కానర్ నైలాండ్ మూడు దశాబ్దాల తర్వాత వింబుల్డన్ సింగిల్స్ మెయిన్ డ్రాలో ఆడిన తొలి ఐర్లండ్ ఆటగాడయ్యాడు. చివరి సెట్‌లో 4-1తో ముందుండి ఓడిపోయాడు. కింది మెట్ల మీద బతికే ఆటగాడి జీవితాన్ని ‘ది రాకెట్’ అనే పుస్తకంలో రాశాడు. 2024లో దానికి విలియమ్ హిల్ క్రీడా పుస్తక బహుమతి వచ్చింది. ట్రోఫీ లేకుండా చేసిన సేవ కూడా సేవే అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

లీనా 1891లో టైటిల్ నిలబెట్టుకోవడానికి వింబుల్డన్‌కు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. మార్ల్‌హిల్‌లోనే ఉండిపోయింది, పెళ్లి చేసుకోలేదు. 1866 జూన్ 21న పుట్టిన ఆమె, 1907 జూన్ 21న, సరిగ్గా నలభై ఒకటో పుట్టినరోజు నాడు, క్షయవ్యాధితో అదే ఇంట్లో కన్నుమూసింది. న్యూ ఇన్‌లోనే పాతిపెట్టారు. లండన్‌లో పచ్చిక కోర్టులు టోర్నీకి సిద్ధమయ్యే రోజులవి.