పుదుచ్చేరి దారిలో రాయలసీమ: 1751 నాటి బుస్సీ దండయాత్ర – తెలుగు స్మృతి

పుదుచ్చేరి సముద్రతీరాన నడిచే రాయలసీమ సందర్శకునికి ఆ నగరం తన ప్రాంతంతో ఏ సంబంధమూ లేనిదిగానే తోస్తుంది. ఫ్రెంచివారి ఏలుబడిలోని తెలుగు నేల అనగానే స్ఫురించేది యానాం. కడప, కర్నూలు పేర్లు ఆ ప్రస్తావనలో వినిపించవు. అయితే తీరంలో గాంధీ విగ్రహం చుట్టూ నిలిచిన రాతి స్తంభాలు సెంజి నుండి తరలించినవని ప్రతీతి. ఆ సెంజి సమీపంలోనే 1750 డిసెంబరులో దక్కను సుబేదారు నాసిర్ జంగ్ హతుడయ్యాడు. అతని శిబిరంలోనే ఉండి గవర్నరు డూప్లేతో రహస్య మంతనాలు సాగించి, ఆ హత్యకు దారి తీసినవారు కడప, కర్నూలు, సావనూరు పఠాను నవాబులు. అంటే రాయలసీమ పాలకులు పుదుచ్చేరి చరిత్రలోకి బాధితులుగా కాక భాగస్వాములుగా ప్రవేశించారు. ఈ విషయం మరువరాదు.

బందీగా ఉన్న మేనల్లుడు ముజఫర్ జంగ్ సుబేదారు అయ్యాడు. పుదుచ్చేరిలో వైభవంగా దర్బారు జరిగింది. నవాబులు తమ సాయానికి ప్రతిఫలంగా ధనాగారంలో వాటా, పేష్కషు మినహాయింపు, కొత్త భూములు కోరారు. డూప్లే మధ్యవర్తిత్వంతో కుదిరిన ఒప్పందాన్ని పైకి అంగీకరించారు గాని, వారికి తృప్తి కలగలేదు. 1751 జనవరిలో ముజఫర్ జంగ్ హైదరాబాదు దిశగా కదిలాడు. అతని వెంట బుస్సీ నాయకత్వంలో సుమారు 300 మంది ఐరోపా సైనికులు, 2000 మంది సిపాయిలు ఉన్నారు.

ఈ సైన్యం కడప సీమలో ప్రవేశించిన తరువాత జరిగిన దానిని రాబర్ట్ ఓర్మ్ తన యుద్ధచరిత్రలో వివరించాడు. సుబేదారు గుర్రపు రౌతులు కొందరు గ్రామస్థులతో తగవు పడి పల్లెలకు నిప్పు పెట్టారు. కడప నవాబు ప్రతీకారంగా అంతఃపుర స్త్రీలతో సాగుతున్న వెనుక దళంపై పడ్డాడు. ఓర్మ్‌కు ఆ పల్లెలు యుద్ధానికి ఒక సాకు మాత్రమే. వాటి పేర్లు అతనికి అవసరం లేకపోయింది. కాలిపోయిన ఇళ్ళవారు ఏమయ్యారో చెప్పే వాక్యం ఆ కథనంలో లేదు.

రాయచోటి ప్రాంతంలోని లక్కిరెడ్డిపల్లె వద్ద ఫిబ్రవరిలో పోరు జరిగింది. కనుమ దారిని కాచుకున్న పఠాను సేనలను బుస్సీ ఫిరంగులు చెదరగొట్టాయి. సావనూరు నవాబు మరణించాడు. కడప నవాబు గాయపడి తప్పించుకున్నాడు. ఫ్రెంచి దళానికి ముందుగా దూసుకుపోయిన ముజఫర్ జంగ్, కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ ఈటె పోటుకు నేలకొరిగాడు. హిమ్మత్ ఖాన్‌ను కూడా అక్కడే నరికివేశారు. బుస్సీ జాప్యం చేయక, శిబిరంలో నిర్బంధంలో ఉన్న సలాబత్ జంగ్‌ను సుబేదారుగా నిలిపాడు. దక్కను సింహాసనానికి అధిపతి నిర్ణయమైన చోటు హైదరాబాదూ కాదు, ఔరంగాబాదూ కాదు. ఒక మెట్టసీమ పల్లె. ఉత్తరానికి సాగుతూ ఆ సైన్యం కర్నూలు కోటను ముట్టడించి పట్టుకుంది. నవాబు చేసిన ద్రోహానికి శిక్షగా తలపెట్టిన ఆ దాడిలో దెబ్బ తిన్నది అతని పట్టణం.

తెలుగువారికి బుస్సీ అనగానే గుర్తుకు వచ్చేది 1757 నాటి బొబ్బిలి. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్ర మొదలుకొని జానపద గాథల వరకు ఆ యుద్ధాన్ని గానం చేశాయి. దానికి ఆరేళ్ళ ముందటి కర్నూలు ముట్టడికి అటువంటి సాహిత్య ప్రసిద్ధి దక్కలేదు. బొబ్బిలిలో వీరగాథకు అవసరమైన నాయకుడు ఉన్నాడు, అతని కీర్తిని మోసే వంశమూ ఉంది. కర్నూలు కథలో మరణించినది ఇద్దరు ప్రభువులకు ఎదురు తిరిగిన నవాబు. గాథకు నాయకుడు కావాలి గాని నష్టపోయిన ఊరు చాలదు. నవాబుల ఆస్థాన వ్యవహారం పారసీకంలో సాగడం మరొక కారణం కావచ్చు గాని, మొదటి కారణమే బలమైనది.

ఇదే కాలంలో పుదుచ్చేరిలో తెలుగుకు ఆదరణ లభించడం విచిత్రం. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్ళై 1736 నుండి తమిళంలో దినచర్య వ్రాసినవాడుగా ప్రసిద్ధుడు. కస్తూరి రంగకవి తన ఛందశ్శాస్త్ర గ్రంథం ఆనందరంగరాట్ఛందమును ఆయన పేరిటనే వెలయించాడు. సాహిత్య చరిత్రకారులు ఆయనను పోషకునిగానే గుర్తిస్తారు. కానీ ఆయనకు మూడు వేల గుర్రాల మన్సబు ప్రసాదించినవాడు లక్కిరెడ్డిపల్లెలో కూలిన ముజఫర్ జంగే. లక్షణ గ్రంథాన్నీ దండయాత్రనూ వేర్వేరు అధ్యాయాలలో చదివే అలవాటు వల్ల ఈ సంబంధం కనబడకుండా పోయింది.

1761 జనవరిలో, పుదుచ్చేరి ఆంగ్లేయుల వశం కావడానికి నాలుగు రోజుల ముందు ఆనందరంగ పిళ్ళై కన్నుమూశాడు. ఆంగ్లేయులు కోటనూ ఐరోపావారి పేటనూ నేలమట్టం చేశారు. నేడు యాత్రికులు మెచ్చుకునే తెల్లవారి వీథులు ఆ తరువాత తిరిగి కట్టినవి. డూప్లే కాలపు నగరాన్ని చూడదలచినవారు కాలువ దాటి పడమటి పేటలోకి, కింద కొయ్య స్తంభాలు, మీద సున్నపు స్తంభాలు గల దుబాసీ ఇంటికి వెళ్ళాలి.