నాడీనేత్రవైద్యం: ఒక వైద్యశాఖ ఆవిర్భావం - వృత్తిస్వరూపం

వ్యాససంగ్రహం: న్యూరో ఆఫ్తాల్మాలజీగా వ్యవహరించే నాడీనేత్రవైద్యం ఏదో ఒక శస్త్రచికిత్స చుట్టూ ఏర్పడిన శాఖ కాదు. రోగి చెప్పేది వినడం, కంటిని పరీక్షించడం, ఇతర శాఖలవారితో కూర్చుని చర్చించడం అనే అలవాట్ల నుంచి అది రూపుదిద్దుకుంది. దాని బలానికీ, వృత్తిగా దాని బలహీనతకూ ఈ పుట్టుకే కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాడీనేత్రవైద్యం, దృష్టినాడి, వైద్యచరిత్ర, వైద్యవిద్య, ఇథాంబుటాల్.

1. ఉపోద్ఘాతం

వైద్యశాఖల చరిత్రను పరికరాల చరిత్రగానో, శస్త్రచికిత్సల చరిత్రగానో రాయడం పరిపాటి. కంటిశుక్లాల చికిత్స విషయంలో ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. నాడీనేత్రవైద్యానికి మాత్రం చాలదు. చూపు తగ్గడానికి, ఒకటి రెండుగా కనిపించడానికి, కనుపాపలు అసమానంగా ఉండటానికి కారణం కంటిలో ఉందా, కంటి వెనుక నాడిలో ఉందా, మెదడులో ఉందా అని తేల్చడమే ఇక్కడ ప్రధానమైన పని.

2. కంటి ద్వారా మెదడును చదవడం

1850 చివరలో కోనిగ్స్‌బర్గ్‌లో హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌ను రూపొందించి, మరుసటి ఏడాది దానిపై గ్రంథం ప్రచురించాడు. కపాలాన్ని తెరవకుండానే, బతికున్న మనిషి దృష్టినాడి మొదలును వైద్యుడు కళ్లారా చూడగలగడం అప్పటినుంచే సాధ్యమైంది. 1860లో ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె మెదడులో కణితులున్నవారిలో దృష్టినాడి వాపును వర్ణించాడు. చూపు చెక్కుచెదరకున్నా నాడి వాచి ఉండవచ్చు కాబట్టి, కంటి బాధ ఏదీ చెప్పని నాడీరోగులను కూడా ఈ పరికరంతో చూడాలని లండన్‌లో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ పట్టుబట్టాడు. క్లిఫర్డ్ ఆల్‌బట్ 1871లోను, విలియం గవర్స్ 1879లోను ఇదే విషయంపై గ్రంథాలు వెలువరించారు. గమనించదగిన సంగతి ఏమిటంటే, ఈ ముగ్గురూ కంటి శస్త్రవైద్యులు కారు. కంటివైద్యుల పరికరం తొలినాళ్లలోనే పొరుగువారి చేతికి వెళ్లింది.

తరువాతి మలుపు యుద్ధరంగం నుంచి వచ్చింది. 1904-05 నాటి రష్యా-జపాన్ యుద్ధంలో వాడిన తుపాకుల తూటాలు చిన్నవి, వేగం ఎక్కువ. తలను దూసుకుపోయినా కొందరు సైనికులు బతికారు. వారి పింఛను నిర్ణయానికి చూపును కొలిచే పని తాత్సుజి ఇనోయె అనే జపాన్ నేత్రవైద్యుడికి అప్పగించారు. తూటా లోనికి వెళ్లిన చోటును, బయటికి వచ్చిన చోటును కలిపి, మెదడులో అది సాగిన దారిని ఆయన లెక్కగట్టాడు. ఆ దారిని దృష్టిక్షేత్రంలో లోపించిన భాగంతో పోల్చాడు. మెదడు వెనుక భాగంలో దృష్టి ఏ క్రమంలో అమరి ఉందో చూపే పటం అలా తయారైంది. 1909లో జర్మన్ భాషలో అచ్చయింది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులపై గోర్డన్ హోమ్స్ చేసిన అధ్యయనాలు దానిని మరింత విస్తరించాయి. పింఛను లెక్కల కోసం మొదలైన కొలత మెదడుశాస్త్రంలో మూలస్తంభంగా మారడం విచిత్రమే.

3. బాల్టిమోర్ శనివారాలు

20వ శతాబ్ది తొలి దశాబ్దాలలోనే విల్‌బ్రాండ్, సేంగర్‌లు కంటి నాడీశాస్త్రంపై జర్మన్‌లో బృహత్సంపుటాలు వెలువరించారు. అంటే గ్రంథం ఉంది, శాఖ లేదు. శాఖగా స్థిరపడటంలో ప్రధానపాత్ర ఫ్రాంక్ వాల్ష్‌ది. కెనడాలో పుట్టిన ఆయన బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విల్మర్ సంస్థలో శనివారం ఉదయాలు సమావేశాలు నడిపాడు. నేత్రవైద్యులు, నాడీవైద్యులు, నాడీశస్త్రవైద్యులు ఒకేచోట చేరి ఒక్కొక్క రోగి విషయం చర్చించేవారు. 1947లో వచ్చిన ఆయన 'క్లినికల్ న్యూరో ఆఫ్తాల్మాలజీ' శాఖకు పేరునూ హద్దులనూ ఇచ్చింది. 1969లో విలియం హోయిట్‌తో కలిసి వెలువరించిన మూడో ముద్రణ మూడు సంపుటాలకు పెరిగింది. బోస్టన్‌లో డేవిడ్ కోగన్, మయామిలో లాటన్ స్మిత్ కూడా ఈ నిర్మాణంలో భాగస్వాములే. ఈ శాఖకు సంస్థలకంటే ముందు ఏర్పడింది గురుశిష్యపరంపర అని చెప్పడం అతిశయోక్తి కాదు.

4. స్కానింగ్ యుగం

1971లో లండన్‌లోని అట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో తొలి సీటీ స్కాన్ జరిగింది. తరువాత ఎమ్మారై వచ్చింది. మెదడే నేరుగా కనిపిస్తున్నప్పుడు కంటి గుర్తులతో పనేమిటన్న సందేహం సహజం. అయితే 2018లో అమెరికా నుంచి వెలువడిన ఒక అధ్యయనం ఆ సందేహానికి గట్టి సమాధానమిచ్చింది. దృష్టినాడి శోథ ఉందంటూ ఒక నాడీనేత్రవైద్య కేంద్రానికి పంపిన 122 మందిలో 73 మందికి నిజానికి ఆ జబ్బు లేదు. పొరపాట్లలో పెద్దభాగం రోగి వృత్తాంతాన్ని రాబట్టడంలోను, దానిని అర్థం చేసుకోవడంలోను, ఇతర కారణాలను ఆలోచించకపోవడంలోను జరిగింది. యంత్రం ఆ లోటును పూడ్చలేదు.

5. వృత్తిగా ఈ శాఖ

మన దేశంలో సాధారణంగా నేత్రవైద్యంలో ఎం.ఎస్. లేదా డి.ఎన్.బి. పూర్తిచేసి, ఆపై ఫెలోషిప్ ద్వారా ఇందులో ప్రవేశిస్తారు. అమెరికాలో నాడీవైద్యం నుంచి కూడా సమానంగా దారి ఉంది. దారులకు కొదవ లేదు, నడిచేవారే తక్కువ. ఒక్కొక్క రోగికి చాలా సమయం పడుతుంది, శస్త్రచికిత్సలు స్వల్పం, ఆసుపత్రుల ఆదాయమేమో శస్త్రచికిత్సల మీద ఆధారపడి ఉంటుంది. 2008లో లారీ ఫ్రోమన్ ఈ శాఖ పత్రికలోనే రాసిన వ్యాసానికి 'మానవవనరుల సంక్షోభం' అని పేరు పెట్టవలసివచ్చింది. ఆలోచనకు వెలకట్టని వ్యవస్థలో ఆలోచనే పనిగా గల శాఖకు ఇది అనివార్యమైన స్థితి.

6. ఇథాంబుటాల్ - ఒక ఉదాహరణ

యల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించేవరకు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లోనే, ఆయన తరువాత, 1961లో ఇథాంబుటాల్ వెలుగుచూసింది. క్షయకు మేలైన మందు. కాని కొద్దిమందిలో దృష్టినాడిని దెబ్బతీస్తుంది. మోతాదు, వాడకకాలం పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. భారత క్షయ నివారణ కార్యక్రమంలో మునుపు కొత్త రోగులకు ఈ మందును మొదటి రెండు నెలలే ఇచ్చేవారు. రోజువారీ మందుల విధానం వచ్చాక ఆరు నెలలూ ఇస్తున్నారు. జబ్బు తిరగబెట్టకుండా, మందులకు లొంగని స్థితి రాకుండా చూడటానికి ఈ మార్పు అవసరమే. అందువల్ల కంటిని గమనించే బాధ్యత కూడా పెరిగింది. ఇందులో చూపు నొప్పి లేకుండా, రెండు కళ్లలోనూ, నెమ్మదిగా తగ్గుతుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. తొలిదశలో కంటిలోపల ఏ మార్పూ కనిపించకపోవచ్చు. మెదడు స్కాన్ కూడా చాలావరకు మామూలుగానే ఉంటుంది. మందు వెంటనే ఆపితే చూపు తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆలస్యమైతే శాశ్వతంగా పోవచ్చు. ఏ ఏ మందులు వాడుతున్నారని అడగడమే ఇక్కడ పరీక్ష. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో రంగుల పటం చూపించి, ఆ ప్రశ్న అడగగలిగిన ఉద్యోగి ఉంటే ఈ శాఖ చేయవలసిన పనిలో సగం అక్కడే జరుగుతుంది. మిగిలిన సగానికి రోగిని ఎక్కడికి పంపాలన్నది చాలా జిల్లాలలో ఇంకా తేలని విషయం.