బడే మియా మాకేమవుతాడు?

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆటల చరిత్ర అంటే విజ్జీ. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపేశాడు. అయినా పేరు నిలిచింది, రాజుల బిడ్డ కదా! మా సాయిబుల పిల్లలూ ఆ పేరే వల్లించారు.

మహమ్మద్ హబీబ్ పేరు మాకెవరూ చెప్పలేదు. 1949లో హైదరాబాదులో పుట్టి, పదిహేడు నిండీ నిండకుండానే, 1966లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. హైదరాబాదు నుంచి హౌరా పోయే రైలుదారి మా విజయనగరం, ఆమదాలవలసల మీదుగానే పోతుంది.

ఈస్ట్ బెంగాల్ ఎవరి క్లబ్బు? దేశ విభజనలో తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన హిందూ కాందిశీకులు గుండెల్లో పెట్టుకున్న క్లబ్బు. ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న ఆ జనం ఒక హైదరాబాదీ ముసల్మాను గోలు కొడితే ఎగిరి గంతేశారు. బడే మియా అని పిలుచుకున్నారు. విభజన గురించి మేం చదివిన పుస్తకాల్లో ఈ ముక్క లేదు.

తర్వాత మోహన్ బగాన్‌కి ఆడాడు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కీ ఆడాడు. మహమ్మదన్ అంటే 1934లో కలకత్తా లీగు గెలిచిన తొలి భారతీయ జట్టు. ఉద్యోగాలొచ్చినా వద్దని ఫుట్‌బాల్ మీదే బతికాడంటారు. ఆఫీసులో కుర్చీ ఇచ్చి ఆడించుకునే ఆ రోజుల్లో అది చిన్న తెగింపు కాదు. కూలి చేసుకునేవాడికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఏ మేస్త్రీ దగ్గర పనికెళితే ఆ గోడ నిక్కచ్చిగా కడతాడు. మరి మ్యాచ్ రోజున మా కుర్రాళ్ళని "ఏరా సాయిబూ, మీరెటువైపు?" అని నిలదీసేవాళ్ళు బడే మియాను ఏమని అడిగేవారో!

1970లో బాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఆయనున్నాడు. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, ఆయనా హైదరాబాదీయే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌ని మోహన్ బగాన్ 2-2తో ఆపింది. అందులో ఒక గోలు శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. 1980లో అర్జున అవార్డు వచ్చింది.

2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశాడు. మా ఊరి టీకొట్లో ఆ వార్త చదివి ఒక కుర్రాడు అడిగాడు: "ఈయన మనోడేనా?" ఏ 'మన' అని అడిగాడో మేం తిరిగి అడగలేదు. అవునన్నాం.