దాజీ పేట్ నేత, బీడీ కుటుంబాలు: శిశు ఆరోగ్య చరిత్ర

మహారాష్ట్రలోని షోలాపూర్ తూర్పు భాగంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో దాజీ పేట్ ఒకటి. ఇక్కడి వేంకటేశ్వర దేవస్థానం ఊరంతటికీ తెలుసు. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలీలు 19వ శతాబ్దంలోనూ, ఆ తర్వాతా మగ్గాలను, మిల్లులను నమ్ముకుని ఇక్కడికి వలస వచ్చారు. 1876-78 మహా కరువు నడుస్తుండగానే 1877లో నగరంలో మొదటి నూలు మిల్లు వెలిసింది. జనం దాన్నే ‘జూనీ మిల్’ అన్నారు. ఈ పేటల్లో పసిపిల్లల ఆరోగ్యం చాలావరకు తల్లి ఎక్కడ కూర్చుని పనిచేస్తుందన్న దాన్ని బట్టే నడిచింది.

మిల్లులో పనిచేసే ఆడవాళ్లకు చట్టం కొంత అండగా నిలిచింది. 1929లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రసూతి ప్రయోజన చట్టం తెచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 50 మందికి పైగా స్త్రీలున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను 30కి దించారు. అదే 1948లో వచ్చిన ఈఎస్ఐ చట్టం మొదట్లో 20 మంది లేదా అంతకు మించి పనిచేసే, కరెంటుతో నడిచే కార్ఖానాలకే వర్తించింది. ఇంటి ముందు గదిలో నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర కూలికి నేసేవాళ్లు ఆ లెక్కలోకే రాలేదు. జూనీ మిల్ 1963లో మూతపడింది. మగ్గం పని పేటల్లోని ఇళ్లలోనే సాగింది.

ఆడవాళ్ల చేతికి మిగిలింది బీడీ. కార్ఖానా నుంచి తునికాకు, పొగాకు, దారం తెచ్చుకుంటారు. ఆకును తడిపి, కొలతకు కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగా లేవని పక్కన పడేసినవాటికి పైసా రాదు. తొట్టెల అదే గదిలో, వంట అదే గదిలో. పొగాకు దుమ్ము తల్లితో పాటు పాలు తాగే బిడ్డా పీలుస్తుంది. కాస్త పెద్ద పిల్ల బడి నుంచి రాగానే బీడీల కొసలు మడవడానికి కూర్చుంటుంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం కూడా శిశు సంరక్షణ గది ఉండాలంది, అదీ 50 మందికి పైగా స్త్రీలున్న ఆవరణలో, ఆరేళ్ల లోపు పిల్లలకు. కానీ చుట్టేది ఇంట్లో! ఇంటిని ‘ఆవరణ’గా ఎవరు లెక్కవేస్తారు? చట్టం పుస్తకంలో గది ఉంది, పేటలో లేదు. 1986 బాల కార్మిక చట్టం బీడీ పనిని పిల్లలకు నిషేధించినా, కుటుంబం సొంతంగా చేసుకునే పనికి మినహాయింపు ఇచ్చింది.

వైద్యం దగ్గరలో లేదని అనలేం.  1963లో వైశంపాయన్ స్మారక వైద్య కళాశాల మొదలైంది. దానికి అనుబంధంగా ఉన్నదే పేదలు పోయే సర్వోపచార్ ఆసుపత్రి. పద్మశాలీలు మార్కండేయ సహకార ఆసుపత్రిని కట్టుకున్నారు. 1975లో అంగన్‌వాడీల పథకం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాయి. అయితే ఆసుపత్రి ఉన్నంత మాత్రాన పసిపిల్లల ఆరోగ్యంలో తేడా పోదు. అంత వైద్యం ఉన్న అమెరికాలోనే నల్లజాతి శిశువుల మరణాల రేటు తెల్లజాతి శిశువుల రేటుకు రెండింతలకు పైన ఉంది. ఇక్కడ బిడ్డను డాక్టరుకు చూపించాలంటే ఒక రోజు బీడీలు పోతాయి. దానికి భాష కూడా తోడైంది: ఇంట్లో తెలుగు, ఆసుపత్రి చీటీ మీద మరాఠీ. బడిలో మరాఠీ నేర్చిన కూతురో, పొరుగింటావిడో పక్కన లేకపోతే మందు ఎన్ని పూటలో తెలుసుకోవడం కష్టమే.

1976లో ఏర్పడ్డ బీడీ కార్మికుల సంక్షేమ నిధి డిస్పెన్సరీలకు, పిల్లల ఉపకార వేతనాలకు ఆధారమైంది. ఆ నిధికి డబ్బు బీడీల మీద వేసే సెస్సు నుంచి వచ్చేది. 2017లో జీఎస్‌టీ రావడంతో ఆ సెస్సు రద్దయింది. కార్మికుల ఇళ్ల కోసం సాగిన పోరాటం మాత్రం ఫలించింది. మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం నాయకత్వంలో కుంభారీ దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు కట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. అసంఘటిత కార్మికులకు 30,000 ఇళ్లతో తలపెట్టిన రే నగర్‌లో 15,000 ఇళ్లు 2024 జనవరి 19న చేతికొచ్చాయి. రెండు కాలనీలూ నగరం వెలుపలివే.