జానీ వాకర్ కిరాణా కొట్టు

నేను ఇండియా వస్తున్నానంటే చాలు, బాబాయిలు, బావలు డ్యూటీ ఫ్రీలో జానీ వాకర్ విస్కీ సీసా తెమ్మంటారు. దాని మీద టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని విసవిసా నడిచే మనిషిని చూసి ఎవరో జమీందారు కాబోలనుకునేదాన్ని. స్కాట్లాండ్‌లోని కిల్మార్నాక్‌లో కాపురం పెట్టాక తెలిసింది, ఆ పేరు ఇక్కడి ఒక కిరాణా కొట్టాయనదని.

జాన్ వాకర్ రైతుబిడ్డ. 1819లో తండ్రి పోయాడు. వ్యవసాయం ఎత్తేసి, వచ్చిన డబ్బుతో మరుసటేడు పెద్దలు ఆ కుర్రాడికి ఈ ఊళ్లో కొట్టు పెట్టించారు. టీ, మసాలాలు, వైన్, విస్కీ అమ్మేవాడు. అప్పట్లో ఒక పీపాలో విస్కీ బాగుంటే ఇంకో పీపాలోది గొంతు మండించేది. రకరకాల టీ ఆకులు కలిపి, ఎప్పుడు కొన్నా అదే రుచి ఇవ్వడం మంచి కొట్టువాడి పనితనం. ఆ నేర్పే విస్కీకీ పనికొచ్చింది. 1852 వరదలో సరుకంతా పోయినా కొట్టు నిలబడింది. 1857లో జాన్ పోయాక కొడుకు అలెగ్జాండర్ అందుకున్నాడు. సుంకం కట్టకముందే గిడ్డంగిలో మాల్ట్, గ్రెయిన్ విస్కీలు కలుపుకోవచ్చని 1860లో చట్టం వచ్చింది. సరుకు పంపడానికి గ్లాస్గోకి రైలు అప్పటికే ఉంది. పలకల సీసా ఆయన కాలం నాటిదే: పెట్టెలో ఎక్కువ పడతాయి, తక్కువ పగులుతాయి. కొట్టు బుద్ధి అంటే అదీ!

సరుకులకు వెళ్లడాన్ని ఇక్కడి పెద్దవాళ్లు 'మెసేజెస్'కి వెళ్లడం అంటారు. కొత్తలో పక్కింటావిడ "మెసేజెస్ ఏమైనా కావాలా?" అంటే నేను ఫోన్ తీసి చూసుకున్నాను.

కొట్టువాళ్ల సంగతి సరే, కొనేవాళ్లూ తక్కువ తినలేదు. ఊరికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఫెన్విక్ అనే పల్లె ఉంది. అక్కడి నేతగాళ్లు 1761లో సంఘం పెట్టుకున్నారు. 1769లో ఓట్‌పిండి టోకున కొని, సభ్యులకు చవగ్గా అమ్మడం మొదలుపెట్టారు. సహకార సంఘాలనగానే అందరూ చెప్పే ఇంగ్లండ్ రాచ్‌డేల్ కొట్టు 1844 నాటిది. తర్వాత్తర్వాత స్కాట్లాండ్ ఊరూరా కో-ఆప్ కొట్లు వెలిశాయి. కొన్నప్పుడల్లా సభ్యత్వ నంబరు చెబితే, లెక్క కట్టి లాభంలో వాటా ఇచ్చేవారు. దాన్నే 'డివి' అంటారు. పిల్లలకు బూట్లు కొనేది ఆ డబ్బుతోనేనట.

మళ్లీ కిల్మార్నాక్‌కి వస్తే, 1970లలో అభివృద్ధి పేరుతో పాత వీధులు కొన్ని కూల్చేశారు. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ మొదటి కవితా సంపుటి 612 ప్రతులు 1786లో అచ్చయిన చోటు ఇప్పుడు షాపింగ్ మాల్ కిందికి పోయింది. ఆ మాల్‌కి ఆయన పేరే పెట్టడం నాకైతే వెటకారంలా తోస్తుంది. జానీ వాకర్ విస్కీ సీసాలు నింపే ఇక్కడి ఫ్యాక్టరీ మూసేస్తామన్నప్పుడు, 2009లో, వేలమంది ఊరేగింపుగా వచ్చారు. అయినా 2012లో మూసేశారు. ఆ స్థలంలో ఇప్పుడు కాలేజీ ఉంది.

మొన్న పక్కింటావిడతో కలిసి సూపర్‌మార్కెట్‌కి వెళ్లాను. బిల్లు మెషీన్ మెంబర్‌షిప్ కార్డు చూపించమంది. ఎనభై దాటిన ఆవిడ బ్యాగులో కార్డు కోసం వెతుకుతూనే, చిన్నప్పుడు కో-ఆప్‌లో చెప్పిన వాళ్లమ్మ నంబరు గబగబా అప్పజెప్పేసింది.